రాత్రి బరాత్, పొద్దున డ్యూటీ

పెళ్లికొడుకును ఊరేగించడం పేరుకే. మన దగ్గర బరాత్ అంటే ఆటే. డీజే బండి పది అడుగులు కదలడానికి అరగంట పడుతుంది. జనగామ బజారైనా, మహబూబాబాద్ తండా అయినా, భూపాలపల్లి సింగరేణి క్వార్టర్లయినా ఇదే తీరు. ఆడేవాళ్లలో సగం మందికి తెల్లారితే పని: గనిలో మొదటి షిఫ్టు, చెల్పూరు పవర్ ప్లాంటు, సికింద్రాబాద్ పోయే రైలు, బడి, మిర్చి మార్కెట్. ఆ రాత్రి బట్టలు అందంగా ఉండాలి, ఒళ్లు హూనం కాకుండా మర్నాడు పనికి పోనివ్వాలి కూడా.

షాపు అద్దం ముందు నిలబడి చూసుకుంటే ఇది తెలియదు. ట్రయల్ రూంలోనే రెండు చేతులూ పైకెత్తండి, గొంతుక్కూర్చోండి, నాలుగు తీన్మార్ స్టెప్పులు వేయండి. చంకలో పట్టేసినా, తొడ దగ్గర బిగిసినా అది రిసెప్షన్ డ్రెస్సే, బరాత్‌కు పనికిరాదు.

ఈ లెక్క లంబాడ ఆడవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. వాళ్ల లంగా ఫేటియాకు ఘేరా (చుట్టు వెడల్పు) ఎక్కువ కాబట్టి కాలు ఎటు వేసినా అడ్డం రాదు. కాంచళి అనే రవిక వీపు మీద తాళ్లతో ముడిపడుతుంది, గాలి ఆడుతుంది. కుట్టిన అద్దాలు ఏ మూలనుంచి వెలుగు పడినా పట్టుకుంటాయి. రాత్రి ఆటకు ఇంతకంటే తెలివైన డ్రెస్సు నేను చూడలేదు. అయితే నిండుగా కుట్టినది బరువు కూడా. అలవాటు లేనివాళ్లు అద్దాల పనిని జాకెట్ అంచుకో, కోటీకో పరిమితం చేస్తే చాలు. 1980ల చివర ఇంగ్లండులో తెల్లవార్లూ రేవ్ ఆటలు మొదలైనప్పుడు అక్కడి కుర్రాళ్లు కూడా బిగుతు బట్టలు వదిలి వదులు టీషర్టులు, వెడల్పాటి ప్యాంట్లు, ఆటల బూట్లు పట్టుకున్నారు. గంటల తరబడి ఆడే ఒంటికి ఎక్కడైనా కావాల్సింది అదే.

ఇక బట్ట సంగతి. వైశాఖం పెళ్లిళ్లకు రాత్రి పూట కూడా ఉక్కపోతే. లైనింగ్ వేసిన షేర్వానీ, వెల్వెట్ కోటు పెళ్లికొడుక్కి వదిలేయండి. మగవాళ్లకు మోకాలి పైదాకా ఉండే కాటన్ కుర్తా, కొంచెం సాగే ప్యాంటు హాయి. కాటన్ చెమట పీలుస్తుంది గానీ తొందరగా ఆరదు. అందుకే డిక్కీలో ఇంకో బనియన్, చొక్కా పెట్టుకోవాలి. మాఘం పెళ్లయితే ఇది మరీ ముఖ్యం. తడిసిన చొక్కాతో అర్ధరాత్రి బైకు మీద పాతిక కిలోమీటర్లు పోతే పొద్దున ఒళ్లు నొప్పులతో లేస్తారు.

తక్కువ ధర మెరుపు బట్టల్లో ఎక్కువ పాలు పాలిస్టరే. దాంతో ఉక్క ఒక్కటే ఇబ్బంది కాదు. బరాత్ ముందు పటాకులు కాలుస్తారు. నిప్పు పడితే పాలిస్టర్ కరిగి చర్మానికి అంటుకుంటుంది. పిల్లలకు అసలే వేయకండి. పొడవాటి చున్నీ నడుముకు కట్టి పిన్నీసు పెట్టండి, డీజే బండి చక్రం పక్కన వేలాడనివ్వకండి.

చీరతో ఆడేవాళ్లు లోపల సాటిన్ లంగా కాకుండా కాటన్ లంగా కట్టుకుంటే కుచ్చిళ్లు జారవు. అంచు నేలకు రెండు వేళ్లు పైకి ఉండాలి. సద్దుల బతుకమ్మ నాడు పట్టుచీరతో గంటలు ఆడే అక్కచెల్లెళ్లకూ ఇదే మాట. కొంగు భుజం దగ్గర ఒకచోటే కాదు, నడుము దగ్గర కూడా పిన్ను చేయాలి.

చెప్పుల దగ్గర మొహమాటం వద్దు. హీల్స్, కొత్త మోజడీలు మండపం దాకే. రోడ్డు మీద ఆటకు నాలుగు రోజులు తొడిగిన, అడుగు పట్టున్న స్పోర్ట్స్ బూట్లు, సాక్సులు కావాలి. తెల్ల బూట్లయితే కుర్తా కింద బాగానే కనిపిస్తాయి. షిఫ్టంతా నిలబడి పనిచేసే కాళ్లకు బొబ్బలెక్కితే మర్నాడు నరకం.

రంగు విషయంలో నా ఓటు తెలుపుకు, లేత పసుపుకు. వెనక లారీ వచ్చినా డ్రైవరుకు కనబడతారు. పైగా సర్ఫు పొడుల్లో మెరుగు కోసం కలిపే రసాయనం వల్ల, డీజే వాళ్లు ఊదారంగు లైటు వేస్తే తెల్ల చొక్కా తనంతట తానే వెలుగుతుంది. వేలు పోసి కొన్న సీక్విన్ కోటు దాని ముందు వెలవెలపోతుంది.

జేబుకు జిప్ ఉండాలి, ఫోన్ పోదు. ఆఫీసు గుర్తింపు కార్డు ఇంట్లో పెట్టి రండి. మెడికల్ షాపులో దొరికే స్పాంజి ఇయర్‌ప్లగ్స్ కూడా జేబులో ఉండనివ్వండి. 85 డెసిబెల్స్ శబ్దం 8 గంటలు, 100 డెసిబెల్స్ అయితే 15 నిమిషాలే సురక్షితమని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. గనిలో, ప్లాంటులో రోజూ మోత వినే చెవులకు డీజే హోరు అదనపు భారం. బాక్సుల ముందు కాకుండా పక్కన ఆడండి.

ఇంటికి రాగానే బట్టలు కుప్పగా పడేయకండి. చెమట ఉప్పుకు జరీ నల్లబడుతుంది. కుర్తా తిరగేసి, చీర విప్పి నీడలో గాలికి ఆరేసి పడుకోండి. ఉతుకుడు, డ్రైక్లీనింగ్ డ్యూటీ దిగాక చూసుకోవచ్చు.