వెట్టి విమోచనము – ప్రజావ్యయము

మనుష్యుని విక్రయించుట, కొనుట, అప్పునకు తాకట్టువలె నిలిపి పని చేయించుకొనుట అన్యాయమనుటలో నేడెవ్వరికిని సందేహము లేదు. అట్టి పనిని నిషేధించి చట్టము చేసినంతనే కార్యము ముగిసినదని పెక్కురు తలంతురు. కాని చట్టము మారినప్పుడెల్ల కొంత వ్యయము కలుగును. ఆ వ్యయమును ఎవరు భరింపవలెను? ఎవరును భరింపనిచో నేమగును? ఈ రెండు ప్రశ్నలను మనమిచ్చట విచారింతము.

మొదట అన్యదేశ చరిత్రమును చూతము. 1833లో బ్రిటిషు పార్లమెంటు తన వలస రాజ్యములలో పెక్కింట దాస్యమును రద్దు చేయుచు 2 కోట్ల పౌనులను కేటాయించెను. ఆ ధనము దాసులకు గాక, వారి యజమానులకు నష్టపరిహారముగా చెల్లెను. దాసులకు ఒక్క కాసైనను రాలేదు. పైగా వారు కొన్ని సంవత్సరములు పని నేర్చుకొనువారను పేర ఆ యజమానుల యొద్దనే ఊడిగము చేయవలసివచ్చెను. ఆ పరిహారమునకై చేసిన ఋణపు శేషము 2015లో గాని తీరలేదు.

మన దేశమున కుంపిణీవారి యేలుబడిలోని ప్రాంతములకు 1843లో 5వ చట్టము వచ్చెను. దాసునిపై యజమానునకు గల హక్కును న్యాయస్థానములు గుర్తింపరాదని దాని భావము. దీనివలన ఖజానాకు భారము లేదు. విడుదలయైనవానికి భూమి గాని, ఎద్దు గాని, విత్తనము గాని దొరకలేదు. తిండిలేనివాడు మరల ఆసామి గడపకే పోయి అప్పు తెచ్చుకొనెను. దాసుడను పేరు పోయినను, అప్పుచేత కట్టుబడిన జీతగాడను పేర బంధనము నిలిచెను.

మన తెలంగాణము అప్పుడు నైజాము రాజ్యములోనిది. ఆత్మకూరు అమరచింత సంస్థానమునకు ముఖ్యస్థానముగా నుండెను. ఈ సీమలలో భాగేలా యను పద్ధతి యుండెను. పేదవాడు పెండ్లికో, కరవుకో కొద్ది పైకము తెచ్చి, అది తీరువరకు దొర యింట పని చేయుటకు ఒప్పుకొనును. వడ్డీ పెరుగును, పని తరుగదు, తండ్రి అప్పు కుమారుని మెడకు చుట్టుకొనును. 1936లో హైదరాబాదు ప్రభుత్వము భాగేలా ఒప్పందములను కట్టుబాటు చేయుటకు చట్టము చేసెను. 1950లో అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము తన 23వ అధికరణమున మనుష్య విక్రయమును, వెట్టిని నిషేధించెను. అయినను 1976లో పార్లమెంటు వెట్టిచాకిరి పద్ధతిని రద్దు చేసినప్పుడు, ఆ చట్టములోని పట్టికలో భాగేలా, జీతా, పాలేరు, వెట్టి యను పేర్లను వ్రాయవలసివచ్చెను. 40 సంవత్సరముల పిమ్మటను ఆ పేరు చావలేదనుటకు ఇంతకన్న సాక్ష్యమేమి కావలెను?

1976 చట్టములో నొక గొప్ప మార్పు గలదు. వెట్టివాని అప్పు రద్దయ్యెను. అప్పిచ్చినవానికి పరిహారము లేదు. అనగా 1833 నాటి లెక్క తలక్రిందయ్యెను. 1978లో పునరావాస పథకము మొదలై, విడుదలయైన ఒక్కొక్కరికి 4,000 రూపాయలవరకు సాయము నిర్ణయింపబడెను. అది 1986లో 6,250, 1995లో 10,000, 2000లో 20,000 రూపాయలయ్యెను. 2016 పథకములో పురుషులకు 1 లక్ష, స్త్రీలకును బాలురకును 2 లక్షలు, మిక్కిలి ఘోరమైన స్థితులలో 3 లక్షల రూపాయలుగా నిర్ణయింపబడినది. ఇవిగాక, వెట్టివారిని కనుగొను సర్వేలకును, విచారణకును వ్యయము కలదు.

ఇంత ధనమేల యని కొందరందురు. విద్యార్థులారా, ఒక లెక్క చేయుడు. కనీస వేతనముకన్న దినమునకు 100 రూపాయలు తక్కువగా నొకడు ఏటికి 300 దినములు పని చేసెననుకొందము. ఏటికి 30,000, నాలుగేండ్లకు 1,20,000 రూపాయలు వాని చేతినుండి పోయినవి. సర్కారిచ్చు 1 లక్ష దానికన్న తక్కువయే. కావున ఈ సాయము దానము కాదు. వాని సొమ్ములో కొంత భాగము తిరిగి వచ్చుట మాత్రమే. కనీస వేతనముకన్న తక్కువకు పని చేయించుటయు నిర్బంధపు చాకిరియేయని సుప్రీంకోర్టు 1982లో తీర్పు చెప్పెను. విడుదలకు తోడు పునరావాసము లేనిచో బాధితుడు మరల బంధనములో పడునని 1984లో ఆ న్యాయస్థానమే హెచ్చరించెను.

ఇంకొక చిక్కు కలదు. 2016 పథకము ప్రకారము తక్షణ సాయము ముందుగా నిచ్చినను, పూర్తి సాయము నేరస్థునికి శిక్షపడుటతో ముడిపడినది. ప్రజాధనము దుర్వినియోగము కారాదనుట న్యాయమే. కాని న్యాయస్థానపు వాయిదాలు సాగుచుండగా కూలివాడు ఏమి తినును? ఖజానా దాచుకొన్న వ్యయము ఆ కుటుంబముపై పడును. వ్యయము మాయమగుట లేదు; ఒకరి భుజమునుండి వేరొకరి భుజమునకు మారుచున్నది.

ఇది దూరపు మాట కాదు. పాలమూరు కూలీలు దేశమందలి ఆనకట్టలను, కాలువలను కట్టి పేరొందిరి. మేస్త్రి యిచ్చు ముందు పైకము తీసికొని కుటుంబములు పోయినప్పుడు, మా తరగతిలో కొన్ని బల్లలు ఖాళీయగును. తలిదండ్రులారా, పైకము తీసికొను దినముననే దాని మొత్తమును, కూలి రేటును కాగితముపై వ్రాయించుకొనుడు. బిడ్డలను బడిలోనే నిలుపుడు. బలవంతము కనబడినచో తహసీలుదారునకో, కలెక్టరునకో తెలుపుడు. చదువు వచ్చిన బిడ్డ యింట నుండిన ఆ లెక్కను చదివి చెప్పగలడు.

ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయమున మోషే యేమి విధించెనో జ్ఞాపకము చేసికొందము. ఏడవయేట దాసుని విడిచిపెట్టుట మాత్రమే చాలదు; వట్టి చేతులతో పంపక, మందనుండియు, కళ్లమునుండియు, ద్రాక్షగానుగనుండియు వానికి ఇయ్యవలెను. ఆ పురాతన ధర్మశాస్త్రము విడుదలతోపాటే దాని వ్యయమును గూడ చెప్పినది. ప్రజలు పన్ను కట్టునప్పుడు అందులో నొక కాసు ఇట్టివాని మొదటి పంటకు విత్తనమగునని యెరిగి కట్టుదురు గాక.

అభ్యాసము: (1) 1833 పరిహారమునకును 1978 సాయమునకును గల భేదమేమి? (2) 1843 చట్టము ఖర్చులేనిదై యుండుటవలన ఎవరు నష్టపడిరి? (3) మీ యూరిలో కూలికి పోవువారి ముందు పైకపు లెక్కను ఎవరు వ్రాయుచున్నారో పెద్దలనడిగి వ్రాసికొని రండు.