అడిగి తీసికొనాలి, తేలినది తిరిగి చెప్పాలి



ఎవరో మీ ఊరికి వచ్చి, మీ బిడ్డను తూచి, వేలి నుండి రక్తపు చుక్క తీసి, కాగితం మీద ఏదో వ్రాసికొని వెళ్లిపోయారనుకోండి. ఎందుకో ముందు చెప్పలేదు. ఏమి తేలిందో తర్వాతా చెప్పలేదు. మీకు ఎలా ఉంటుంది? ఈ వారం పాఠం దీనిని గురించే. ఇందుకు కెనడా దేశపు ఆదివాసుల అనుభవాన్ని తీసికొందాం.

ఆ దేశంలో ఆదివాసుల పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి ఉంచిన వసతి పాఠశాలలు నూరేళ్లకు పైగా నడిచాయి. డబ్బు ప్రభుత్వానిది, నిర్వహణ క్రైస్తవ సంఘాలది. వాటిలో ఎక్కువ భాగం కతోలికులు నడిపినవే. అక్కడి పిల్లలకు చాలినంత తిండి ఉండేది కాదు. 1940లలో ప్రభుత్వ పోషకాహార నిపుణులు ఇది కళ్లారా చూచారు. చూచి, ఆ ఆకలినే పరిశోధనకు అవకాశంగా మలచుకొన్నారు.

1948 నుండి 1952 వరకు ఆరు పాఠశాలల్లో సుమారు వేయిమంది పిల్లలపై ప్రయోగాలు జరిగాయి. ఒక బడిలో పాలు చాలడం లేదని తెలిసి కూడా రెండేళ్లు పెంచలేదు. ఆ తర్వాత పెంచితే ఎంత తేడా వస్తుందో కొలవాలని వారి ఉద్దేశం. మరొక బడిలో సగం మందికి విటమిన్ సి మాత్రలు ఇచ్చి, మిగతా సగానికి ఇవ్వలేదు. చిగుళ్లు బాగుపడితే లెక్క తప్పుతుందని కొన్ని దంత చికిత్సలు సైతం ఆపించారు. తల్లిదండ్రులకు తెలిపి అనుమతి తీసికొన్న ఆధారాలు లేవు.

చరిత్రకారుడు ఇయాన్ మోస్బీ పాత ప్రభుత్వ కాగితాలు వెదకి 2013లో ప్రచురించాక ఇది లోకానికి విస్తృతంగా తెలిసింది. అప్పటికి ఆ పిల్లల్లో బ్రతికి ఉన్నవారు వృద్ధులయ్యారు. ఆ ఆరు బడులలో కొన్ని మన వారు నడిపినవే. ఈ మాట వ్రాయడం కష్టమే, కాని దాచరాదు. 2022 జూలైలో పోపు ఫ్రాన్సిస్ కెనడా వెళ్లి, వసతి పాఠశాలల్లో జరిగిన కీడుకు ఆదివాసులను క్షమాపణ కోరారు.

అయితే ఆదివాసుల ఆరోగ్యంపై పరిశోధనే వద్దా? వద్దని వారే అనలేదు. రోగం ఎక్కడుందో తెలియకపోతే మందు ఎక్కడికి పంపాలో తెలియదు. అందుకే 1998లో కెనడా ఆదివాసులు నాలుగు సూత్రాలు ఏర్పరచుకొన్నారు.

1. యాజమాన్యం: తమ జనాన్ని గూర్చిన సమాచారం తమ ఉమ్మడి సొత్తు.

2. అధికారం: ఏమి అడగాలి, ఎలా సేకరించాలి, ఎలా వాడాలి అన్నది తామే నిర్ణయిస్తారు.

3. అందుబాటు: ఆ సమాచారం ఎక్కడున్నా చూచుకొనే హక్కు తమకుంది.

4. స్వాధీనం: ఆ లెక్కలు తమ చేతిలోనే ఉండాలి. అప్పుడే మొదటి మూడు హక్కులకు కాపుదల.

ఈ సూత్రాలతో వారు తమ ఆరోగ్య సర్వేలను తామే నడుపుకొంటున్నారు.

ఇది దూరదేశపు కథ మాత్రమే కాదు. 2009లో నాటి ఖమ్మం జిల్లాలో వేలాదిమంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసి పరిశీలించే కార్యక్రమం జరిగింది. వారిలో ఎందరో గిరిజన బిడ్డలు. హాస్టళ్లలోని అనేకమంది బాలికల అనుమతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం నిలిపివేయబడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దానిని తీవ్రంగా తప్పుపట్టింది. ఆ టీకా అనేక దేశాల్లో వాడుకలో ఉన్నదే. ఇక్కడ మనం నేర్వవలసినది అనుమతిని గూర్చి.

కనుక హాస్టలు నడిపేవారు, దవాఖానాలో సేవచేసేవారు, ఉపాధ్యాయులు ఒక సంగతి గుర్తుంచుకొనండి. బిడ్డ మీ సంరక్షణలో ఉన్నంత మాత్రాన ఆ తల్లి చేయవలసిన సంతకం మీది కాజాలదు. సర్వేకు వచ్చినవారిని గుమ్మం వద్దనే అడగండి: ఎందుకు? ఎవరి కోసం? ఫలితం మా భాషలో, మా ఊరి వారందరి ముందు ఎప్పుడు చెబుతారు? మూడవ ప్రశ్నకు జవాబు లేనివారిని, జవాబుతో మళ్లీ రమ్మనండి.

ఆలోచించండి

మీ ఊరిలో ఇదివరకు జరిగిన ఆరోగ్య సర్వే ఏది? దాని ఫలితం మీకు ఎవరైనా చెప్పారా? చెప్పకపోతే ఎవరిని అడగాలి?