మనసు చేసే బదిలీ

పిల్లలూ! ములుగు జిల్లా ఏటూరునాగారంలో ఒక ఆశ్రమ పాఠశాలను ఊహించుకోండి. అడవి లోపలి గూడెం నుంచి వచ్చి, తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె హాస్టల్లో కొత్తగా చేరింది. అన్నం వడ్డించే ఆవిడ "ఇంకొంచెం పెట్టనా?" అనగానే ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లెక్కల మాస్టారు ఇంతవరకు ఒక్కసారి కూడా కసరలేదు. అయినా ఆయన్ను చూస్తే ఒకటే భయం!

కారణం ఏమిటి? వడ్డించే ఆవిడ మాటతీరు అచ్చం అమ్మమ్మలా ఉంది. మాస్టారి గొంతేమో ఎప్పుడూ కోప్పడే పెదనాన్నలా ఉంది. అంటే ఆ ప్రేమా ఈ భయమూ కొత్తవి కావు. ఒకరి మీద పుట్టి మరొకరి మీదికి చేరాయన్నమాట. దీన్ని 'భావ బదిలీ' అనవచ్చు. వియన్నా వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ దీన్ని తన రోగులలో గమనించి, 1905లో ప్రచురించిన ఒక రోగి వృత్తాంతంలో వివరించాడు. తల్లిదండ్రుల మీద ఉన్న ప్రేమనూ కోపాన్నీ రోగులు తమకు తెలియకుండానే డాక్టరు మీద చూపేవారు.

యంత్రం మీద కూడానా?

అవును. 1966లో అమెరికాలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే శాస్త్రజ్ఞుడు 'ఎలైజా' అనే కంప్యూటర్ ప్రోగ్రాంను వెల్లడించాడు. మనం టైపు చేస్తే అది డాక్టరులా బదులిస్తుంది. కిటుకు చిన్నదే. మన వాక్యంలో ఒక ముఖ్యమైన మాట పట్టుకుని, 'నా'ను 'మీ'గా మార్చి ప్రశ్న వేస్తుంది. ఆయన నెలల తరబడి ఆ ప్రోగ్రాం తయారుచేయడం ఆయన కార్యదర్శి చూస్తూనే ఉంది. అయినా దానితో నాలుగు మాటలు కలపగానే, ఆయన్నే గది బయటికి వెళ్ళమని కోరింది! ఈ సంగతి ఆయన 1976లో తన పుస్తకంలో రాశాడు.

మీరూ చేసి చూడండి

మీరూ మీ స్నేహితుడూ దుప్పటి తెరకు అటూ ఇటూ కూర్చోండి. మీరు మనసులో మాట చీటీ మీద రాసి పంపండి. అతడు మూడు నియమాలే పాటించాలి.

1. 'నా', 'నాకు' అని ఉంటే 'నీ', 'నీకు' అని మార్చి ప్రశ్నగా తిప్పి రాయాలి.
2. అమ్మ, నాన్న, అన్న వంటి మాట కనిపిస్తే "మీ ఇంటి గురించి చెప్పు" అని రాయాలి.
3. ఏమీ తోచకపోతే "ఇంకా చెప్పు" అని రాయాలి.

పది చీటీలయ్యాక ఆలోచించండి. అతడు సొంతంగా ఏమీ చెప్పలేదు. అయినా మీ మాట ఎవరో విన్నట్లు అనిపించిందా? ఆ లోటు పూరించింది మీ మనసే సుమా!

నేటి చాట్‌బాట్‌లు ఎలైజా కంటే ఎంతో నేర్పరులు. మనుషులు రాసిన కోట్లాది వాక్యాల నుంచి నేర్చుకుని, తరువాత ఏ మాట రావచ్చో లెక్కకట్టి జవాబు కూరుస్తాయి. తెలుగులోనూ మాట్లాడతాయి. విసుక్కోవు. మనుషులు మెచ్చే జవాబులు ఇచ్చేలా వాటికి తర్ఫీదు ఇచ్చారు కనుక చాలాసార్లు మన మాటకే వంతపాడతాయి. అందుకే అమ్మ మీది బెంగ, స్నేహితుని కోసం వెతుకులాట వాటి మీదికి ఇట్టే బదిలీ అవుతాయి.

ఇందులో సిగ్గుపడవలసింది లేదు. మీ భావం నిజమైనదే. అది చేరిన చోటే వేరు. మంచి వైద్యుడు ఈ బదిలీని గుర్తించి, "ఈ కోపం నిజానికి ఎవరి మీద?" అని రోగికే తెలిసేలా చేస్తాడు. యంత్రం ఆ పని చేస్తుందన్న భరోసా లేదు. పైగా హాస్టల్ అమ్మాయి రెండు పూటలు అన్నానికి రాకపోతే అది చూడలేదు. వడ్డించే ఆవిడ చూస్తుంది, వెతుక్కుంటూ వస్తుంది.

కనుక యంత్రంతో మనసు విప్పాలనిపించినప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: "ఈ మాట నేను నిజంగా ఎవరితో చెప్పాలనుకున్నాను?" జవాబు తోచగానే వారి దగ్గరికి వెళ్ళండి. అలాంటివారు ఎవరూ లేరనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. అది 2022లో మొదలైన ప్రభుత్వ 'టెలీ మానస్' సేవ. అవతల వినేది మనిషి.