సినిమా కంటే ముందు వచ్చిన పాట

సినిమా పాట కథతో ముడిపడి ఉంటుందని మీకు తెలుసు. మరి కథ తెరమీదికి రాకముందే పాట జనంలోకి వెళితే?

1990లో ఢిల్లీలో ‘ఇండియన్ ఓషన్’ అనే రాక్ బృందం ఏర్పడింది. రాక్ అనగానే చెవులు చిల్లులు పడే మోత అనుకోకండి. వీరి పాటల్లో గిటారు, డ్రమ్ములతోపాటు తబలా కూడా వినిపిస్తుంది. కరోల్‌బాగ్‌లోని ఒక పాత ఇంట్లో చాలాకాలం సాధన చేశారు.

1993 మార్చి 12న బొంబాయిలో జరిగిన వరుస పేలుళ్ల గురించి అనురాగ్ కశ్యప్ ‘బ్లాక్ ఫ్రైడే’ చిత్రం తీశారు. దానికి సంగీతం ఈ బృందానిదే. అందులోని ‘బందే’ పాటను పీయూష్ మిశ్రా రాశారు.

ఈ పాటలో తేదీ లేదు, నగరం పేరు లేదు. సినిమా నేరం ఎలా జరిగిందో వెదుకుతుంది. పాట మాత్రం గుడినీ మసీదునూ కలిపి తలచుకొని, మనిషిని ఆగమంటుంది. సంఘటనలను సినిమాకే వదిలి, వాటి వెనుక ఉన్న బాధను మాత్రమే తీసుకొన్నదన్నమాట.

కోర్టు కేసు వల్ల సినిమా విడుదల 2007 ఫిబ్రవరి దాకా ఆగిపోయింది. పాటలు 2005లోనే వచ్చాయి. కథ చూడని శ్రోతకు కూడా ‘బందే’ అర్థమయిందంటే కారణం అదే.

మీకు నచ్చిన సినిమా పాట ఒకటి తీసుకోండి. కథ తెలియనివారికి అది ఎంతవరకు అర్థమవుతుందో అయిదు వాక్యాల్లో రాయండి.