నోటిలోపలి పొరకు పట్టెడు దీర్ఘశోథము

వరియాకుపై మచ్చ కనబడినచో మన రైతు మరునాడే ఆకు త్రుంచి నాకడకు తెచ్చును. తన నోటిలోని మచ్చను మాత్రము సంవత్సరములకొలది దాచుకొనును.

గత కోతలకాలమున ఒక రైతు తన తల్లిని నాకు చూపెను. ఆమె అడ్డపొగ త్రాగునది. అనగా చుట్ట వెలుగుచున్న కొనను నోటిలోపల నుంచుకొని పీల్చునది. శ్రీకాకుళము, విశాఖ తీరపు గ్రామములలో స్త్రీలకిది పాతయలవాటు. ఆమె అంగిలి తెల్లబడి, నడుమ నెఱ్ఱని చుక్కలతో గరుకుగా నుండెను. నొప్పిలేదు గనుక రోగము లేదని ఆమె వాదము. నొప్పి లేకుండుటయే యిందలి మోసము. శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి 1971లో ప్రకటించిన పరిశోధన, అంగిలి మార్పులకును ఈ యలవాటునకును గల సంబంధమును స్పష్టపఱచినది. అట్టి మార్పులలో కొన్ని క్యాన్సరుగా ముదురును.

చికిత్సలో మొదటిది మందు కాదు, కారణమును తొలగించుట. పొగాకు, వక్క, మొనదేలిన విరుగుపన్ను, ఒరయు కట్టుడుపండ్లు ఉండగా లేపనమేమి చేయగలదు? నీరునిలిచి వేరు కుళ్లు చేనికి ఎరువు వేసినట్లగును. పొగాకు నారుమడులను గూర్చి పాఠములు చెప్పిన నేనే యిట్లు వ్రాయుట కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. పొగ మానినచో పలువురిలో మచ్చ తగ్గును. వక్కవలన నోరు బిగిసినవారికి మాత్రము, మానినను ఆ బిగువు పూర్తిగా సడలదు.

ఈ యలవాట్లెఱుగని వారికిని బుగ్గలలో వలవంటి తెల్లగీతలు, మంట కలుగవచ్చును. దీనిని లైకెన్ ప్లానస్ అందురు. ఇది అంటురోగము కాదు. నిర్మూలించు మందు లేదుగాని, మంట నణచు స్టిరాయిడ్ లేపనము గలదు. భోజనానంతరము నోరు పుక్కిలించి, ఆ తావును మెత్తని గుడ్డతో నద్ది, పలుచగా పూసి, అరగంట యేమియు పుచ్చుకొనరాదు. వైద్యుడు చెప్పిన దినములే వాడవలెను. హెచ్చినచో నోట తెల్లబూజు పట్టును. కారము, పులుపు తగ్గింపవలెను. కొలదిమందిలో ఇదియు క్యాన్సరుగా మారును గాన, తగ్గినను అప్పుడప్పుడు చూపించుకొనవలెను.

బోర్డో మిశ్రమమునకై కొన్న మైలుతుత్తమును పుండుపై రాచుకొన్నవాని నొకని చూచితిని. అది పైరుమందు, నోటికి విషము.

రెండు వారములు దాటినను మానని పుండును, గట్టిపడిన లేక ఎఱ్ఱబాఱిన మచ్చను దంతవైద్యునకు తప్పక చూపవలెను. ఆయన చిన్నముక్క తీసి పరీక్షకు పంపును. ముక్క తీసినచో రోగము ప్రాకునను భయము వలదు.

ఆ తల్లి యిందుకు ఒప్పుకొనుటకు మూడు నెలలు పట్టినది. క్యాన్సరు కాదని ఫలితము వచ్చినది. దినమునకు నాలుగు చుట్టలు ఇప్పుడొకటికి దిగినవి. ఆ యొక్కటి యింకను మానలేదు.