చెరసాల వెలుపలి శిక్ష

తప్పు చేసినవానికి శిక్ష విధించుట రాజ్యధర్మము. ఆ శిక్షకు మితి కలదు. ఇన్ని నెలలు, ఇన్ని సంవత్సరములు అని తీర్పులో వ్రాయబడును. గడువు తీరినంతనే చెరసాల తలుపు తెరచుకొనును. కాని ఆ ఇంటివారికి లోకము విధించు శిక్ష మరియొకటి కలదు. దానికి న్యాయస్థానము లేదు, వాదము లేదు, గడువు లేదు. భర్త చెరసాలకు పోయిన ఇల్లాలు, కుమారుడు చెరసాలకు పోయిన తల్లి, తండ్రి చెరలోనున్న బాలుడు అనుభవించు శిక్ష యిది. దీనిని ఇంటివారు ఎట్లు తాళుకొనవలెను, ఇరుగుపొరుగువారు దీనిని విధింపకుండ ఎట్లు మెలగవలెను అను రెండు విషయములు ఈ పాఠమున విచారింపబడుచున్నవి.

1. ఒక ఇంటి పరిస్థితి

ఉదాహరణమునకు ఒక చిన్న ఊరిని తలచుకొందము. సహకార సంఘములో గుమాస్తాగా నున్న ఒకనిని, లెక్కలలో సొమ్ము తగ్గినదని పోలీసులు తీసికొనిపోయిరి. ఇంట భార్య, ముసలి తల్లి, ఏడవ తరగతి చదువుచున్న కుమార్తె మిగిలిరి. మరునాడు పాలు పోయునామె డబ్బు ముందుగా ఇమ్మన్నది. కుళాయి వద్దకు ఇల్లాలు పోగానే అక్కడి మాటలు ఆగిపోయినవి. ఎదురింటి పేరంటమునకు పిలుపు రాలేదు. "నీ కోరికలు తీర్చలేకనే నా బిడ్డ ఈ గతికి వచ్చినాడు" అని అత్త కోడలిని నిందించినది. "నాన్న పనిమీద హైదరాబాదు పోయినాడు" అని తల్లి కుమార్తెకు చెప్పినది. రెండు దినములకు బడిలో తోటి పిల్ల, "మీ నాన్న జైలులో ఉన్నాడట గదా" అన్నది. నాటినుండి ఆ బాలిక కడుపునొప్పి యని బడి మానినది.

ఇందులో ఎవరును పెద్ద క్రూరకార్యము చేయలేదు. పాలామె తన డబ్బు తాను అడిగినది. కుళాయి వద్దివారు ఊరకుండిరి. ఎదురింటివారు పిలువలేదు, అంతే. ఇట్టి చిన్న చిన్న పనులే కూడి ఒక ఇంటికి శిక్షగా మారుచున్నవి.

2. నిందితుడు వేరు, దోషి వేరు

చెరసాలలో నున్నవారందరు నేరము రుజువైనవారు కారు. 2022వ సంవత్సరాంతమునకు భారతదేశ కారాగారములలో సుమారు 5 లక్షల 73 వేలమంది యుండగా, వారిలో సుమారు 4 లక్షల 34 వేలమంది విచారణ ఖైదీలే. అనగా ప్రతి నలుగురిలో ముగ్గురి విషయమున న్యాయస్థానము ఇంకను తీర్పు చెప్పలేదు. వీరిలో అనేకులు పూచీకత్తు పెట్టు స్తోమత లేక లోపలనే యున్నవారు. 1978లో మోతీరాం అను తాపీపనివాని కేసులో 10,000 రూపాయల జామీను కోరుటను, సోదరుని ఆస్తి వేరు జిల్లాలో నున్నదని అతని పూచీని త్రోసివేయుటను సుప్రీంకోర్టు తప్పుపట్టినది. న్యాయస్థానము చెప్పకమున్నే వీధి తీర్పు చెప్పుట తగదు.

అయినను నేరము రుజువగు సందర్భములు కలవు. అప్పుడు ఇంటివారు ఏమి చేయవలెననునదే కష్టమైన ప్రశ్న.

3. ఒక నోట రెండు మాటలు

ఇట్టి సమయమున కుటుంబములు రెండు విధముల పొరపడుట కలదు. కొందరు, "మావాడు చేయనే లేదు, అందరు కలిసి ఇరికించినారు" అని రుజువైన దానిని గూడ కాదందురు. మరికొందరు, "వాడు మాకు చచ్చినట్లే" అని ఇంటి పేరునుండియే తీసివేయుదురు. మొదటిది సత్యమునకు ద్రోహము. రెండవది బంధమునకు ద్రోహము. మొదటిదానివలన తప్పు చేసినవాడు దిద్దుకొను అవకాశము పోవును. రెండవదానివలన దిద్దుకొనుటకు వలసిన కారణమే పోవును.

"చేసినది తప్పే. వాడు నా బిడ్డయే." ఈ రెండు మాటలు ఒకే తల్లి నోట నిలువగలవు. ఒకదానికొకటి విరోధము కాదు. ఇందులో మొదటి మాట పలికినందున ప్రేమ తగ్గదు, రెండవ మాట పలికినందున నేరమును సమర్థించినట్లు కాదు. ఈ రెండింటిని విడువక పట్టుకొన్నవారికి లోకము మాటలు కొంత తేలికయగును. దాచుటకేమియు లేనివానిని బెదరించుట కష్టము.

నష్టపడినవారి ఇంటిని గూడ మరువరాదు. సంఘములో దాచుకొన్న సొమ్ము పోయిన రైతుకును పిల్లలు కలరు. వారిపై ఒత్తిడి తెచ్చుట, సాక్షుల ఇండ్ల చుట్టు తిరుగుట, వారిని దూషించుట తగవు. అది అధర్మము, కేసునకును హాని. దుఃఖము తమకొక్కరికే కలిగినదని తలపకుండుట దుఃఖమును తాళుకొను మార్గములలో ఒకటి.

4. చేయవలసిన పనులు

దిగులుతో కూర్చుండినచో దినములు పోవును, హక్కులు జారిపోవును. పట్టుబడినవానిని, ప్రయాణకాలము గాక, 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెనని రాజ్యాంగము 22వ అధికరణము చెప్పుచున్నది. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టము ప్రకారము నిర్బంధములో నున్నవారికి ఉచిత న్యాయసహాయము పొందు హక్కు కలదు. స్త్రీలకును, పిల్లలకును అట్లే కలదు. జిల్లా న్యాయస్థానమునందలి న్యాయసేవాధికార సంస్థకు పోయి అర్జీ ఇయ్యవచ్చును. 15100 నంబరునకు టెలిఫోను చేసియు అడుగవచ్చును. "వెయ్యి రూపాయలిచ్చిన రేపే విడిపింతును" అను దళారుల మాట నమ్మి తాళిబొట్టు తాకట్టు పెట్టరాదు.

2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ విభాగము ప్రకారము, మునుపు ఏ నేరమునకును శిక్షపడని విచారణ ఖైదీ, ఆ నేరమునకు గల గరిష్ఠ శిక్షలో మూడవవంతు కాలము లోపల గడపినచో బెయిలునకు అర్హుడగును. మరణదండనకు గాని, యావజ్జీవ శిక్షకు గాని గురియగు నేరములకు, ఒకటికంటె ఎక్కువ కేసులున్నవారికి ఇది వర్తింపదు. ఇంటివారు వాయిదా తేదీలను, లోపల గడచిన దినములను ఒక పుస్తకములో వ్రాసియుంచుకొని న్యాయవాదికి చూపుచుండవలెను.

ములాఖత్ నియమములు జైలును బట్టి మారును. దూరప్రయాణము చేసి గేటు వద్దనుండి తిరిగి రాకుండ, ఏ దినములలో అనుమతింతురో, ఏ గుర్తింపు కాగితములు వలయునో, ఏ వస్తువులు లోపలికి పంపవచ్చునో ముందుగా విచారించి పోవలెను. కలిసిన కొద్ది నిమిషములను ఏడ్పులకును నిందలకును వ్యయపరుపక, ఇంటి సంగతి ఒకటి, పిల్లల చదువు సంగతి ఒకటి చెప్పి, కేసు విషయము అడిగి రావలెను. రాలేనివారము ఉత్తరము వ్రాయవచ్చును. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన మండేలా నియమములును, ఖైదీ తన కుటుంబముతో ఉత్తరములవలనను, చూపులవలనను సంబంధము నిలుపుకొనవలెననియే చెప్పుచున్నవి. బంధము తెగనివాడు విడుదల తరువాత నిలద్రొక్కుకొనుట సులభము.

5. పిల్లలకు ఏమి చెప్పవలెను?

నిజమే చెప్పవలెను, వయసునకు తగినంతగా చెప్పవలెను. ఊరికి పోయినాడను అబద్ధము బడిలో బయటపడినప్పుడు, పిల్లకు తండ్రి దూరమగుటే గాక తల్లి మాటపై నమ్మకమును పోవును. "నాన్న తప్పు చేసినాడని అనుచున్నారు. కోర్టు విచారించుచున్నది. అంతవరకు అక్కడ ఉండవలెను. ఇందులో నీ తప్పు ఏమియు లేదు. నాన్నకు నీవనిన ప్రేమయే" అని చెప్పిన చాలును. బడి మాన్పరాదు. ఉపాధ్యాయునితో తల్లియే ముందుగా మాటలాడి పిల్లను కనిపెట్టి యుండుమని కోరవలెను.

ఆర్.డి. ఉపాధ్యాయ కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఇక్కడ స్మరింపదగినది. ఆ కేసున ప్రతివాది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. చెరలోనున్న తల్లి వెంట ఆరేండ్లవరకు బిడ్డ ఉండవచ్చుననియు, అట్టి బిడ్డను ఖైదీగా చూడరాదనియు, ఆహారము, వైద్యము, విద్య ఆ బిడ్డకు హక్కులనియు ఆ తీర్పు పలికినది. చెరసాల గోడలలోపల పెరుగుచున్న బిడ్డయే ఖైదీ కానప్పుడు, బడిలో బల్లపై కూర్చున్న బిడ్డ ఎట్లు ఖైదీయగును?

6. లోకము మాటలకు సమాధానము

అడిగిన ప్రతివానికి కథ యంతయు చెప్పనక్కరలేదు. పోట్లాడనక్కరయును లేదు. "కేసు కోర్టులో నున్నదండీ. తీర్పు వచ్చువరకు మేము చెప్పదగినది లేదు" అను మాటను ముందుగనే అనుకొని యుంచుకొన్నచో, సమయమునకు నోరు తడబడదు. నమ్మదగిన ఒకరిద్దరితో మాత్రము మనసు విప్పి చెప్పుకొనవలెను. అంతయు మింగుకొని ఉండుట ఆరోగ్యమునకు చేటు. తల వంచుకొని ఇంట కూర్చుండక, పనికి, సంతకు, గుడికి మునుపటివలెనే పోవుచుండవలెను. బ్రతుకుతెరువునకై ఇల్లాలు కుట్టుపనియో, కూలిపనియో చేపట్టిన అది చిన్నతనము కాదు. నిజాయితీతో చేయు ఏ కాయకమునకును తక్కువ లేదని బసవేశ్వరుడు బోధించెను.

7. ఇరుగుపొరుగువారి ధర్మము

17వ శతాబ్దమున పాల్వంచ తహసీలుదారు కంచర్ల గోపన్న, ఖజానా సొమ్మును భద్రాచల రామాలయమునకు వెచ్చించెనను నేరముపై గోలకొండ కోటలో సుమారు 12 సంవత్సరములు బంధింపబడెనని ప్రసిద్ధి. నేడు రామదాసు చెరను చూచి జనులు చేతులు జోడింతురు. కాని నాడు ఆయన ఇంటి ముందునుండి పోవువారి చెవిని బడినదియు, లెక్కలో సొమ్ము తగ్గినదను మాటయే. ఖైదీలందరు రామదాసులని దీని భావము కాదు. వెలుపల నిలిచినవారు లోపలి కథ యంతయు ఎరుగరని మాత్రమే భావము.

బసవేశ్వరుడు ఒరులను నిందించుటను దోషములలో నెంచెను. వచ్చినవానిని పరాయివానిగా గాక తనవానిగా చూడుమని బోధించెను. ఈ బోధకు పరీక్ష పండుగనాడు కాదు. పోలీసులు వచ్చిపోయిన ఇంటి గడప వద్ద ఆ పరీక్ష జరుగును. ఆ ఇంటికి పోయి ఏమి మాటలాడవలెనో తెలియనిచో మాటలాడనక్కరలేదు. వాయిదానాడు ముసలి తల్లికి తోడుగా పోవచ్చును. పిల్లను తమ పిల్లతో కలిపి బడికి తీసికొనిపోవచ్చును. పేరంటమునకు మునుపటివలెనే బొట్టు పెట్టి పిలువవచ్చును. విడుదలయై వచ్చినవానికి పని ఇచ్చువాడు దొరకనిచో, వాని శిక్ష ముగిసినట్లు కాదు. నేరస్థుని బాగుచేయుటయే దండన లక్ష్యము కావలెనని 1977లో గియాసుద్దీన్ కేసున సుప్రీంకోర్టు పలికినది. ఆ పని చెరసాలలో సగమే జరుగును. తక్కిన సగము ఊరిలో జరుగవలెను.

న్యాయస్థానము ఒకనికి శిక్ష విధించినప్పుడు తీర్పులో వాని పేరొక్కటియే వ్రాయును. ఆ కాగితములో లేని పేర్లను చేర్చు అధికారము వీధికి లేదు.

ఆలోచింపదగిన ప్రశ్నలు

1. విచారణ ఖైదీకిని, శిక్షపడిన ఖైదీకిని గల భేదమేమి?
2. "చేసినది తప్పే, వాడు నా బిడ్డయే" అను మాటలు రెండును ఎట్లు సత్యములు?
3. పైని చెప్పిన ఇంటికి పొరుగున నుండినచో, మొదటి వారమున చేయదగిన పని యొకటి చెప్పుము.