పోయిన మరకు ఉక్కు గూడు

సైకిలు నట్టును గట్టిగా బిగిస్తుంటే అది ఒక్కసారిగా పట్టు వదిలి ఊరికే తిరగడం మీరు చూసే ఉంటారు. ‘మర పోయింది’ అంటాము. నట్టయితే పారవేసి కొత్తది కొనవచ్చు. కాని మర పోయింది ఇంజను దిమ్మలోనే అయితే? దిమ్మనంతటినీ పారవేయవలసిందేనా?

ముందు మర అంటే ఏమిటో చూద్దాం. కాగితాన్ని లంబకోణ త్రిభుజంగా కత్తిరించి, పెన్సిలు చుట్టూ చుట్టండి. ఏటవాలు అంచు మెట్లెక్కినట్లు చుట్టూ తిరుగుతుంది. కాబట్టి మర అనేది కడ్డీకి చుట్టిన వాలుతలమే! 10 మి.మీ. బోల్టు ఒక చుట్టు తిరిగితే సాధారణంగా 1.5 మి.మీ. ముందుకు పోతుంది. 20 సెం.మీ. పొడవైన పానాతో తిప్పితే అదే సమయంలో మీ చెయ్యి దాదాపు 126 సెం.మీ. తిరుగుతుంది. అంటే దూరంలో 800 రెట్లకు పైగా తేడా. ఘర్షణకు చాలా భాగం పోయినా, మిగిలిన బలం చాలా పెద్దది. ఆ బలాన్నంతా సన్నని మర అంచులే మోయాలి.

ఇప్పుడు ఒక పాత కారును చూద్దాం. వోక్స్‌వాగన్ బీటిల్ కార్లు 1938 నుంచి 2003 వరకు 2 కోట్ల 10 లక్షలకు పైగా తయారయ్యాయి. గాలితో చల్లబడే దీని ఇంజను కారు వెనుక ఉంటుంది. బరువు తగ్గించడానికి ఇంజను దిమ్మను మెగ్నీషియం మిశ్రమలోహంతో పోతపోశారు. ఇనుము మెగ్నీషియం కన్నా నాలుగు రెట్లకు పైగా బరువైనది. సిలిండర్లను, వాటిపైన ఉండే అల్యూమినియం మూతలను ఈ దిమ్మకు 16 పొడవైన ఉక్కు స్టడ్డులు పట్టి ఉంచుతాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది. వేడెక్కితే అల్యూమినియం, ఉక్కు కన్నా దాదాపు రెండు రెట్లు వ్యాకోచిస్తుంది. పైగా సిలిండర్లు స్టడ్డుల కన్నా ఎక్కువ వేడెక్కుతాయి. దానితో స్టడ్డులు లాగబడతాయి. ఆ లాగుడు మెత్తని మెగ్నీషియం మరల మీద పడుతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే మర తెగి, స్టడ్డు పైకి వచ్చేస్తుంది. మూత సందులోంచి వాయువులు బయటికి పోయి ఇంజను శక్తి తగ్గుతుంది.

లావు స్టడ్డు పెట్టకూడదా? అది మూతలోని రంధ్రంలో పట్టదు. అందుకే మెకానిక్కు పాత రంధ్రాన్ని డ్రిల్లుతో నిటారుగా వెడల్పు చేస్తాడు. ట్యాపుతో కొత్త మర కోస్తాడు. లోపలా బయటా మరలున్న ఉక్కు గొట్టాన్ని అందులో బిగిస్తాడు. పాత స్టడ్డు ఆ గొట్టంలో చక్కగా కూర్చుంటుంది.

ఇది అతుకు మాత్రమే అనుకోకండి. మర తెగకుండా ఆపేది రంధ్రం చుట్టూ ఉన్న వైశాల్యం. అది వ్యాసాన్ని, లోతును బట్టి ఉంటుంది. వ్యాసం 10 నుంచి 14 మి.మీ.కి పెరిగితే వైశాల్యం 1.4 రెట్లవుతుంది. మెగ్నీషియంలో పట్టు అంత మేరకు పెరిగినట్లే! 1970లలో ఆ కంపెనీయే కొత్త ఇంజనులలో ఇటువంటి ఉక్కు గూళ్లను అమర్చసాగింది.

ఒక హెచ్చరిక. మెగ్నీషియం రజను సులభంగా అంటుకుంటుంది. ఆ మంట మీద నీళ్లు పోయరాదు. మండే మెగ్నీషియం నీటి నుంచి హైడ్రోజన్‌ను విడగొడుతుంది. అదీ మండుతుంది. పొడి ఇసుకే మేలు.

ఇక మీకొక లెక్క. మర లోతు 20 మి.మీ. అనుకోండి. వ్యాసం 10 మి.మీ. గానే ఉంచి, అదే 1.4 రెట్ల పట్టు రావాలంటే లోతు ఎంత ఉండాలి?